ఎడంగా కట్టిన ఇళ్ళు

భూకంపంలో పూరీబాయి భర్త దేవ్‌జీ పోయాడు. వాళ్ళకు పిల్లలు లేరు. పాత ఊళ్ళో ఆవిడ ఇల్లూ మా ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ ఉండేవి. మా అత్త వాల్‌బాయీ ఆవిడా సజ్జరొట్టెలు కాల్చుకుంటూ, ఇరవై ఏళ్ళపాటు ఆ గోడకు అటొకరూ ఇటొకరూ కూర్చునే కబుర్లాడుకున్నారు, తిట్టుకున్నారు.

ఊరు మళ్ళీ కట్టించడానికి భుజ్ నుంచి ఇంజనీరు వచ్చాడు. కూలిన ఇళ్ళ రాళ్ళనే పునాదుల్లో వేయించాడు. మా మట్టిలోనే కాస్త సిమెంటు కలిపి ఇటుకలు పోయించాడు. గుండ్రటి గోడలు, గడ్డి కప్పు, ఇంటింటికీ వాననీటి తొట్టి. ఇంటికీ ఇంటికీ మధ్య ఇరవై అడుగుల ఎడం.

తన ఇల్లు మా ఇంటిని ఆనించి కట్టమని పూరీబాయి అడిగింది.

"ఆనుకున్న ఇళ్ళే మాసీ, ఒకదాన్నొకటి పడగొట్టుకున్నాయి," అన్నాడతను ఓపిగ్గా.

"పడేది ఎప్పుడో ఒకసారి నాయనా. పొద్దున లేస్తే పలకరించే మనిషి రోజూ కావాలి."

అతను ఎడం మాత్రం తగ్గించలేదు.

తన గోడలు ఆవిడే అలుక్కుంది. అంత నున్నటి గోడలు ఊళ్ళో ఇంకెవరికీ లేవు. మొదట్లో రోజూ మా ఇంటికొచ్చేది. అప్పటికి అత్తకు చెవులు సరిగ్గా వినపడవు. నాకేమో ఇద్దరు పసిపిల్లలు. మజ్జిగ లోటా ముందుపెట్టి నా పనిలో పడేదాన్ని. సగం తాగి వెళ్ళిపోయేది. రానురాను రావడం మానేసింది. గమనించాను, మరిచిపోయాను.

రెండో చలికాలంలో ఒక మధ్యాహ్నం భూమి మళ్ళీ కదిలింది. అందరం బయటికి పరిగెత్తాం. ఒక్క ఇల్లూ బీటలివ్వలేదు. అయినా లోపలికి వెళ్ళే ధైర్యం లేక పొద్దుగూకేదాకా మైదానంలోనే కూర్చుని, ఉన్నవి పంచుకు తిన్నాం. అత్త పూరీబాయి చెయ్యి వదల్లేదు.

మర్నాడు ఇంజనీరు గోడలు చూడటానికి వచ్చాడు. "నువ్వన్నదే నిజం నాయనా," అంది పూరీబాయి. అతను పొంగిపోయాడు. అతను అటు వెళ్ళాక నా దగ్గరికొచ్చి మెల్లగా అంది:

"నిన్న ఎంత బావుందో కోడలా. మళ్ళీ భూమి కదలాలని కోరుకోకూడదు కదా."

రేపట్నుంచి మా ఇంట్లోనే తినమన్నాను. సరేనంది. రెండు రోజులు వచ్చింది. మూడో రోజు రాలేదు. బయటికొచ్చి చూస్తే తన వాకిలి ఊడ్చుకుంటోంది. ఒక్క కేక వేస్తే వచ్చేదే. లోపల చంటివాడు ఏడ్చాడు. వెళ్ళిపోయాను.