బోణీ గుంట

స్టీలు దిమ్మ మీద బోణీ గుంట పడేదాకా పరంజ్యోతి టీ ముట్టడు. ఆ పొద్దున కూడా గట్టిదనం కొలిచే యంత్రపు వజ్రపు మొనను దిమ్మ మీదికి దింపి, లేపి, మైక్రోస్కోపుకి కన్ను ఆనించాడు. నలుచదరపు గుంట. కొలిస్తే దిమ్మ అంచున చెక్కి ఉన్న అంకే వచ్చింది. అప్పుడు గాని కుర్చీలో కుదురుగా కూర్చోలేదు.

బక్కపలచటి మనిషి. ఎడమ కన్ను మూసి మూసి ఆ వైపు చెంపంతా ముడతలు పడిపోయింది. సర్వీసంతా భిలాయి స్టీలు ప్లాంటులో ఉక్కు గట్టిదనం కొలిచి రిటైరయ్యాక, క్యాంప్ 1లోని ఇంట్లో ఊరికే ఉండలేక రిసాలిలో ఈ చిన్న ప్రైవేటు ల్యాబులో చేరాడు. "పరంజ్యోతి కొలిచాడా? అయితే మళ్లీ చూడక్కర్లేదు" అనేవారు ప్లాంటులో. ఆ మాటే ఆయన ఆస్తి. కూరలో ఉప్పు చాలిందంటే మాత్రం భార్య డైసీ నమ్మేది కాదనుకోండి, అది వేరే సంగతి.

ఉక్కుది ఒకటే మాట. ఎక్కువ బరువుతో నొక్కినా, తక్కువతో నొక్కినా, గుంట కొలిచి లెక్క కడితే అదే గట్టిదనం. ఇప్పుడు చేతికొచ్చినవి మోటార్లలో వాడే ఎపాక్సీ అనే గట్టి ప్లాస్టిక్కు ముక్కలు, తేనె రంగువి. వీటికి మాట నిలకడ లేదు. బరువు తగ్గించి చిన్న గుంట పెడితే గట్టిదనం పెరుగుతోంది. ఇంకా చిన్నది పెడితే ఇంకా పెరుగుతోంది. ఒక్క ముక్కకి ఇన్ని నాలుకలేమిటని ఒళ్లు మండిపోయింది.

ముక్కను తుడిచాడు. ఫ్యాను ఆపించాడు. వీధిలో లారీ పోతే లారీని తిట్టాడు. మళ్లీ ఉక్కు దిమ్మకు పోతే అది బుద్ధిగా తన అంకే చెప్పింది. అంటే యంత్రానికి ఏ రోగమూ లేదు. మధ్యాహ్నానికి ఆయనకు తన మీదే అనుమానం పుట్టింది. చిన్న గుంట అంచు తన కంటికే సరిగ్గా ఆనడం లేదేమో! కళ్లజోడు తీసి తుడిచి పెట్టుకున్నాడు. క్యారియరు మూత కూడా తియ్యలేదు. సాయంత్రానికి రిపోర్టు ఇవ్వాలి.

చివరికి, పెద్ద గుంటకు వచ్చిన అంకెనే అన్నిటికీ వేసేశాడు. అబద్ధం రాస్తున్నాననిపించలేదు. తన కన్ను చేసిన తప్పు దిద్దుతున్నానని అనుకున్నాడు.

రిపోర్టు చూసిన ఇంజనీరు కల్యాణి ఆయన బల్ల దగ్గరికి వచ్చింది. భిలాయిలో పుట్టిన పిల్ల, తెలుగులో హిందీ దొర్లుతుంది.

"అంకుల్, సచ్ బతాయియే. ఇవి మీరు కొలిచినవేనా?"

ఆ ప్రశ్న ఆయన్ను సర్వీసులో ఎవరూ అడగలేదు. ముఖం మాడిపోయింది.

"ఏటమ్మా ఆ మాట?"

"ఎపాక్సీకి ఇలా రాదు అంకుల్. చిన్నగా, పైపైన నొక్కితే గట్టిదనం ఎక్కువ చూపిస్తుంది. దాని నేచరే అంత. అన్నీ ఒకేలా బరాబర్ వచ్చాయంటే ఎవరో కూర్చుని రాసినట్టుంది."

పరంజ్యోతి రిపోర్టును తన వైపు లాక్కున్నాడు.

"ఎక్కువే వొచ్చింది తల్లీ. నా కళ్లు పోనాయనుకున్నాను. అందుకే అలగేసీసాను."

"మీ కళ్లు ఏకదమ్ ఠీక్ అంకుల్. మీరు సరిగ్గానే కొలిచారు. రేపు మళ్లీ చేద్దాం. నేను పక్కన కూర్చుంటాను, కోయీ బాత్ నహీ."

పిల్ల మంచి మనసుతోనే అంది. ఆ పక్కన కూర్చుంటాననడమే ఆయనకు కొరకంచులా తగిలింది. కన్ను నిజమే చెప్పింది, తనే దాని నోరు నొక్కేశాడు. ప్లాస్టిక్కు మీద కోపం, ఈ పిల్ల మీద కోపం, అన్నిటికీ మించి తన మీద తనకే పట్టరాని కోపం వచ్చింది.

టీ గ్లాసు కడిగి బోర్లించాడు. మూత తియ్యని క్యారియరు సంచిలో పెట్టుకున్నాడు.

"రేపట్నుంచి నాను రాన్లే తల్లీ."

"అరె అంకుల్, ఇంత చిన్న విషయానికి..."

"పక్కనొకరు కూకుంటే గాని నమ్మలేని మనిసికి ఈ కుర్సీ ఏటికమ్మా?"

గుమ్మం దాకా వెళ్లి వెనక్కొచ్చాడు. జేబురుమాలుతో స్టీలు దిమ్మను తుడిచి, బల్ల మీద దాని చోట దాన్ని పెట్టి, ఎటూ చూడకుండా వెళ్లిపోయాడు. దిమ్మ మీద బోణీ గుంటలు వరసగా ఉన్నాయి. పొద్దున పడినదాని పక్కన ఇంకోదానికి చోటుంది.