చెలమ లేని బొమ్మ

"డల్సీ, బ్రష్షులు కడిగావా?" నలభై ఏళ్ళుగా నా భర్త క్లెమ్ పొద్దున్నే నాతో అనే మొదటి మాట ఇదే.

కడిగాను. రంగులు కలిపాను. పన్నెండేళ్ళపాటు బడిపిల్లలను ఎడారి ఎర్ర ఇసుకలో మా నీటిగుంటల దగ్గరకు నడిపించాను. ఏ గడ్డిని ఏ నెలలో కాల్చాలో చూపాను, ఏ నీటికి ఏ పాటో నేర్పాను, పాడినదాన్ని ఇసుకలో వేలితో గీయించాను. ఆ చదువంతా ఇప్పుడు పుస్తకమైంది. అట్ట మీద క్లెమ్ వేసిన బొమ్మ, కింద క్లెమ్ పేరు. నా పేరేదని అడిగితే బడి నడిపే కర్‌స్టన్ తడబడింది. "లోపల వేశాం ఆంటీ, సహకరించిన కుటుంబ సభ్యులు అని." ఆడపడుచు కిట్టీ నవ్వింది. "అన్నయ్యకి పేరొస్తే నీకు రానట్టా వదినా? ఇంతకీ టీ పెట్టావా?"

నా భాషలో మాట్లాడినందుకు మిషన్ బడిలో తెల్లజాతి సిస్టర్లు సబ్బుతో నా నోరు కడిగారు. దొంగతనాన్ని దొంగతనమనే పిలవాలని నేర్పిందీ వాళ్ళే. రెండూ నాకు గుర్తున్నాయి.

మా ఆచారంలో, ఆ నీటిగుంటలున్న నేల క్లెమ్‌కు తండ్రి వైపు నుంచి వచ్చింది, కనుక అతడు యజమాని. నాకు అమ్మ వైపు నుంచి వచ్చింది, కనుక నేను కాపరిని. నీళ్ళకు దారి చూపే బొమ్మను యజమాని గీస్తాడు, దాని పాట పాడతాడు. తప్పొప్పులు చూడవలసింది కాపరి. కాపరి "సరే" అనని బొమ్మ నలుగురిలోకి రాకూడదు. ఇన్నేళ్ళూ నా "సరే"ను క్లెమ్ నేనిచ్చే టీలాగే అడగకుండా అందుకున్నాడు.

ఈసారి అట్ట బొమ్మలో అతడు మూడు గుంటలు గీశాడు. ఆడవాళ్ళు తవ్వే చెలమను మరిచాడు. అక్కడ ఏనాడూ తవ్విన చెయ్యి కాదది. నేను చూశాను. చెప్పడం నా ధర్మం. చెప్పలేదు. నెల రోజులు బ్రష్షులు కడుగుతూ పెదవి బిగించాను. దానికి దేవుడి ముందు నేనే జవాబు చెప్పుకుంటాను.

పుస్తకం విడుదల రోజున అట్టకు వేసిన అసలు బొమ్మను బడి గోడకు ఆనించి పెట్టారు. పెద్దలంతా బడి ముందు నేల మీద, పట్నం అధికారులు కుర్చీల్లో కూర్చున్నారు. క్లెమ్ పాట ముగించి, ఆనవాయితీ ప్రకారం నా వైపు తిరిగాడు. "చెప్పవే, సరిగ్గా ఉందా?"

"లేదు."

"ఇప్పుడా నీ పరాచికాలు?"

నేను పిల్లల వైపు తిరిగాను. "ఎండలు ముదిరితే మనం ఎక్కడ తాగుతాం?"

ముప్పై మంది పిల్లలు చెలమ పాట ఎత్తుకున్నారు. చిన్నది మేవిస్ లేచి వెళ్ళి, బొమ్మలో ఏమీ లేని చోట వేలు ఆనించింది.

క్లెమ్ పెద్దన్న హెక్టర్ కర్రను నేలకు తాటించాడు. "పిల్లల్ని నీళ్ళు లేని దారిన పంపుతావురా? తిప్పెయ్ దాన్ని గోడకి."

తిప్పారు. పుస్తకాల పెట్టెలు మళ్ళీ మూశారు. కర్‌స్టన్ ముఖం పాలిపోయింది. "ముందే చెప్పొచ్చుగా ఆంటీ?"

"కుటుంబ సభ్యులను ఎవరడిగారమ్మా?"

సాయంత్రం క్లెమ్ వాకిట్లోకి వచ్చాడు. "చెలమ ఎక్కడ పెట్టాలో చూపించు. నీ పేరు కూడా వేయిస్తాలే."

"నాది పైన. నీది కింద."

అతడు తల ఊపాడు. ఆ ఉదయం నేను ముట్టుకోకుండా వదిలిన బ్రష్షులు డబ్బాలో రంగు ఎండి కట్టెల్లా బిగుసుకుపోయి ఉన్నాయి. డబ్బా అతడి చేతికిచ్చాను.

"ముందు ఇవి కడుగు."