ఏనుగొచ్చినా ఫికర్ లేదు

నేను ఒక బంపర్ గార్డుని. కారు ముందర, అసలు బంపరుకి అడ్డంగా, మీసం మెలేసినట్టు నిలబడే ఇనుప గొట్టాల చట్రాన్ని. రోడ్డు మీద నన్ను చూసి మీరంతా గౌరవంతో పక్కకి తప్పుకుంటున్నారని చాలాకాలం మురిసిపోయాను. దారి ఇరుకై తప్పుకున్నారని తర్వాత తెలిసింది.

నేను పుట్టింది మంచిర్యాలలో, ఒక వెల్డింగ్ షాపులో. ఫంక్షన్ హాలు గేటు కోసం తెచ్చిన గొట్టాలు మిగిలిపోతే వాటితో నన్ను చేశారు. అంటే నాది గేట్ల వంశం. తెరుచుకోవడం, మూసుకోవడం తప్ప మావాళ్ళు ఎక్కడా యుద్ధం చేసిన దాఖలా లేదు. అయినా పైన మెరుగు పూత పడేసరికి నాకు పొగరెక్కింది.

నన్ను కొన్నవాడు అడవి పక్కనున్న జన్నారంలో టాక్సీ డ్రైవరు రాజేశం. ఆ తెల్లకారు తిరిగితేనే వాళ్ళింట్లో పొయ్యి వెలుగుతుంది. ఇన్సూరెన్స్ కట్టే నెలలో ఆ ఇంట కోడికూర బంద్. అంత కష్టపడి తెచ్చుకున్న కాగితం కన్నా అతనికి నా మీదే నమ్మకం ఎక్కువ. నన్ను బిగించిన రోజు టీకొట్టు దగ్గర అందరికీ చూపించాడు.

"ఇగ ఏనుగొచ్చినా ఫికర్ లేదు!"

మా అడవిలో ఏనుగులు లేవు కాబట్టి ఆ మాట చాలా రోజులు చెల్లింది. ఇంజన్ ఆయిలు మార్చడం మరిచినా, అమావాస్యకి నాకు నిమ్మకాయ కట్టడం మాత్రం మరవలేదు.

ఒక ఎండాకాలం సాయంత్రం, ఇంకా పొద్దు ఉండగానే, టేకుచెట్ల మధ్య మలుపులో ఒక మగ దుప్పి రోడ్డు మీదికి దూకింది. నీళ్ళ కోసం దాటుతోంది కాబోలు. 'జంతువులు తిరుగు ప్రాంతం, నెమ్మదిగా వెళ్ళండి' అన్న బోర్డుని అప్పుడే నెమ్మది లేకుండా దాటి వచ్చాం. రాజేశం బ్రేకు తొక్కాడు. నేను ఛాతీ విరుచుకున్నాను.

ఆ దెబ్బని నేను ఆపానని చెప్పుకోవాలని ఉంది. ఆపలేదు. నాకు తగిలినదాన్ని తగిలినట్టే వెనకున్న కారుకి పంపించాను. నా కాళ్ళు పోయి రేడియేటరులో దిగాయి, నేను నడుం దగ్గర వంగిపోయాను. అసలు బంపరైతే తాను పగిలి సగం దెబ్బ మింగేదట. మెకానిక్ చెబుతుంటే విన్నాను.

దుప్పి మాత్రం లేచి, ఒళ్ళు దులుపుకుని, కాస్త కుంటుకుంటూ టేకుల్లోకి నడిచిపోయింది. విరిగిన కొమ్ము ఒకటి నా గొట్టాల సందున ఉండిపోయింది. రాజేశం అది చూడలేదు. అడవి వైపే చూస్తున్నాడు. ఆ దారిలో వేటగాళ్ళు ఈమధ్య కార్లలోనే వస్తున్నారు. కావాలని గుద్ది, డిక్కీలో వేసుకుని, దొరికితే 'అదే అడ్డమొచ్చింది' అంటారు. వేట కేసు పడిందంటే బండి జప్తు, మనిషి లోపలికి.

భార్య సుగుణకి ఫోన్ చేశాడు.

"దుప్పి అని నోట్లెకెళ్ళి రానియ్యకు. బర్రె అను. బర్రెకు కేసుండది" అందామె.

నిజమే, బర్రెకు కేసుండదు. ఓనరుంటాడు.

ఇన్సూరెన్స్ వాళ్ళకి బర్రె అని చెప్పిన మర్నాడే, మా ఊరి మల్లేశం, కారు బాగుకిచ్చిన మెకానిక్ షెడ్డు ముందు వచ్చి దిగాడు.

"రాజేశం బావా, నా బర్రె కనవడ్తలేదు. నువ్వే గుద్దినవంట గదా?"

"నీ బర్రె కాదురా!"

"మరెవల్ది? పేరు చెప్పు, వాన్నే అడుగుత."

రాజేశం దగ్గర పేరెక్కడిది?

"పాలిచ్చే బర్రె బావా. పూటకో బకెట్ నిండేది" అంటూ మల్లేశం మాటమాటకీ పాలు పెంచుతున్నాడు. అంతలో ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చాడు. మర్యాదస్తుడు. నా ముందు గొంతుక్కూర్చుని, సందులో చెయ్యి పెట్టి, కొమ్ము బయటికి లాగాడు. దానికి కొమ్మలున్నాయి.

"మీ ఊళ్ళ బర్రెలకు కొమ్ములు గిట్ల చిగురేస్తయా అన్నా?"

మల్లేశం ఆ కొమ్ముని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది నా బర్రెది కాదు" అని బండెక్కి వెళ్ళిపోయాడు.

సర్వేయర్ నన్ను వేలితో కొట్టి చూశాడు. "కంపెనీ బిగించని గార్డు. దీన్ని చూస్తేనే క్లెయిమ్ ఆపుతరు. మీదికెళ్ళి అబద్ధం. నేను చూసిందే రాయాలె అన్నా."

ఏనుగుని ఆపాల్సిన నేను చివరికి క్లెయిముని ఆపాను.

రాజేశం నన్ను విప్పి ఆటోలో వేశాడు. కొమ్ముని తువ్వాలులో చుట్టాడు.

"లోపలేస్తే?" అంది సుగుణ.

"ఏస్తె ఏస్తరు. ఆ బర్రె ముచ్చట ఇంకోపాలి నాతోని కాదు."

ఫారెస్ట్ ఆఫీసులో సెక్షన్ ఆఫీసర్ మడావి జంగుబాయి కొమ్ముని చూసింది, నన్ను చూసింది, అతన్ని చూసింది.

"కూర ఎంతమంది తిన్నరు?"

"ఎవ్వలు తినలే మేడమ్. అది నడుసుకుంట పోయింది."

"అందరియీ నడుసుకుంటనే పోతయి."

అయినా ఆమె జీపెక్కింది. ఆ మలుపుకి దగ్గర్లో, జంతువుల కోసం కట్టిన నీళ్ళతొట్టి దగ్గర అతన్ని పక్కనే కూర్చోబెట్టుకుంది. గుంపులు గుంపులుగా దుప్పులొచ్చాయి, పోయాయి. మగవాటన్నిటికీ రెండేసి కొమ్ములు. పొద్దు వాలుతుండగా ఒకటి ఒంటరిగా వచ్చింది. కుంటుతోంది. తలకి ఒకవైపే కొమ్ము. రాజేశం చేతులు జోడించాడు.

"దండం పెట్టకు, బెదురుతది" అంది ఆమె.

ఇదంతా తర్వాత ఆఫీసు అరుగు మీద ఆమె నవ్వుతూ చెబుతుంటే విన్నాను. వేట కేసు లేదు. బండి బతికింది. వేగం గురించి మాత్రం అతనికి గట్టిగానే చీవాట్లు పడ్డాయి. బాగుచేయించే ఖర్చంతా అతనే పెట్టుకున్నాడు. కోడికూర చాలా నెలలే బంద్ అయి ఉంటుంది.

నన్ను మాత్రం వదల్లేదు. "ఇది పెట్టుకునుడే తప్పు" అని ఫారెస్ట్ వాళ్ళు నన్ను ఆఫీసు వెనక, అడవి వైపు కంచెకి ఆనించారు. మెరుగు పోయి తుప్పు వచ్చింది. నిమ్మకాయ కట్టేవాళ్ళు లేరు.

చలి తగ్గే రోజుల్లో మగ దుప్పులు ఇటు వస్తాయి. కొత్త కొమ్ముల మీది నూగుతోలు ఊడేదాకా చెట్లకి రుద్దుకుంటాయి. వాటిలో ఒకటి ఇన్ని చెట్లూ వదిలేసి, నా వంపులో తల పెట్టి గీక్కుంటుంది. అదేనా అని చూస్తాను. తెలియదు. దానికిప్పుడు రెండు కొమ్ములూ ఉన్నాయి. దుప్పులకి ఏటా కొత్తవి మొలుస్తాయి. రాజేశం కారుకీ కొత్త ప్లాస్టిక్ బంపరొచ్చిందట. అటు వెళ్ళేటప్పుడు మలుపుకి చాలా ముందే గేరు తగ్గించిన చప్పుడు నాదాకా వినిపిస్తుంది.

నా వంపు మాత్రం నాకే మిగిలింది. సరిగ్గా ఒక దుప్పి తల పట్టేంత.

ఏనుగు ఇంకా రాలేదు.