ఏడ్చినా విప్పొద్దు

శివలీలకు పని వచ్చు. ఆ మాట ఆమె అంటే గిట్టనివాళ్లు కూడా కాదనరు. రాయచోటి నుంచి ఎమ్మిగనూరుకు వచ్చిన కొద్దికాలంలోనే మెడ నిలపలేని పిల్లల్ని కూర్చోబెట్టింది, కూర్చున్నవాళ్లను గోడ పట్టించి నిలబెట్టింది. ఆమెకు రానిదల్లా ఒక్కటే, ఎదుటివాళ్లు చెప్పేది చివరిదాకా వినడం. తల్లులు నోరు తెరిచేలోపే ఆమె దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. చదువుకున్నవాళ్లలో ఈ జబ్బు మామూలే. దీనికి మందు ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు.

ఎదుగుదల ఆలస్యమైన చిన్నపిల్లల కోసం పెట్టిన ఆ కేంద్రంలో రెండే గదులు. ఒక గదిలో శివలీల చేతులకూ కాళ్లకూ పని నేర్పేది. రెండో గదిలో దావీదురాజు మాటలు నేర్పేవాడు. మధ్యలో ఉన్నది ఒక్క గోడే అయినా ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. పైనుంచి అధికారులు వచ్చినప్పుడల్లా ముందు దావీదురాజు గదిలోకే వెళ్లేవారు. మూగనోము పట్టినట్టు ఉన్న పిల్లవాడు ‘అత్త’ అన్నాడంటే అందరూ చప్పట్లు కొడతారు. ముడుచుకున్న వేలు ఒకటి కాస్త తెరుచుకుంటే ఎవరికి కనబడుతుంది? ఆ ఒక్క వేలి కోసం ఆరు నెలలు చచ్చినంత పని చేసిన శివలీలకు కడుపు మండేది. మండటంలో తప్పు లేదు. మంట ఎక్కడ చల్లార్చుకుందన్నదే తప్పు.

ఆ ఊరి నేతవాళ్ల వీధి నుంచి ఒక పిల్ల వచ్చేది. పేరు చౌడేశ్వరి, ఇంట్లో చౌడి. నాలుగేళ్లు ఉంటాయి. పుట్టినప్పుడు ఊపిరాడక కుడివైపు పడిపోయింది. కుడిచేయి పిడికిలి బిగుసుకుని రొమ్ముకు అతుక్కుని ఉండేది. మాట అసలే లేదు. అన్ని పనులూ ఎడమచేత్తోనే, అదీ మహా చురుగ్గా. పిల్లను ఎత్తుకుని వచ్చేది నాయనమ్మ హనుమమ్మ, వెంట తల్లి రాజేశ్వరి.

హనుమమ్మ బాధ అంతా ఆ ఎడమచేయే. ఒకసారి చౌడమ్మ గుడిలో తీర్థం ఇస్తుంటే పిల్ల ఎడమచేయి చాపింది. పూజారి ఉద్ధరిణె ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగిపోయాడు. వెనక వరసలో ఎవరో నవ్వారు. ఇంటి దేవత పేరు పెట్టుకున్న పిల్లకు ఆ దేవత తీర్థమే అందకపోయిందని హనుమమ్మ అప్పటినుంచి గుడి మెట్లు ఎక్కలేదు. ఆ కుడిచేయి ఎట్లాగైనా తెరిపించమని శివలీల కాళ్లు పట్టుకున్నంత పని చేసింది.

దానికి శివలీల దగ్గర ఒక పద్ధతి ఉంది. కొత్తదేమీ కాదు, సరిగ్గా చేస్తే బాగా పనిచేసేదే. బాగున్న చేతిని కాసేపు కట్టి ఉంచితే, గత్యంతరం లేక బాగాలేని చేయి పనిలోకి దిగుతుంది. ఇంట్లో కష్టపడే కొడుకు మంచానపడితే సోమరి కొడుకు గతిలేక మడక పట్టి పొలం దున్నినట్టు. శివలీల మెత్తటి గుడ్డతో చిన్న సంచి కుట్టించి, ఎడమచేతికి తొడిగి, మూతి దగ్గర నాడాతో వదులుగా కట్టి చూపించింది. రోజుకు రెండు గంటలు. ఆ రెండు గంటలూ ఎదురుగా బొరుగులు పోసి కుడిచేత్తో ఏరించాలి. పిల్ల గోల చేస్తుందని కూడా ముందే చెప్పింది.

“ఏడ్చినా విప్పొద్దు. ఏడుపు చూసి జాలిపడితే ఆ చేయి జన్మలో తెరుచుకోదు.”

హనుమమ్మ ఆ మాటను మంత్రంలా పట్టుకుంది.

పక్క గదిలో దావీదురాజు పద్ధతి వేరు. ఆయన బెల్లం ముక్కను చిన్న మూట కట్టి పిల్ల ఒళ్లో పెట్టేవాడు. ఒంటిచేత్తో ఆ మూట విప్పుకోలేదు కనుక ఎవరినైనా అడగాలి. ‘ఇప్పు’ అనాలి. ఆ మాట కోసం ఆయన మూట ముందు కూర్చుని ఎన్నాళ్లు ఇప్పు ఇప్పు అని జపం చేశాడో ఆ గోడలకే తెలియాలి. ఇంటివాళ్లకు మాత్రం ఒకటే చెప్పాడు. పిల్ల నోటి నుంచి మాట వచ్చిన మరుక్షణం అడిగింది ఇచ్చేయాలి. ఆలస్యం చేస్తే మాటకు విలువ లేదనుకుని మళ్లీ నోరు విప్పదు.

రెండూ మంచి మాటలే. రెండూ ఒకే ఇంటికి వెళ్లాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూసుకునే తీరిక ఆ గోడకు అటూ ఇటూ ఉన్నవాళ్లకు దొరకలేదు.

దసరా ముందు రాజేశ్వరి అత్తతో వచ్చి పిల్ల సంచిని పళ్లతో లాగి ఊడబెరుకుతోందని చెప్పుకుంది. నాడా ఎంతసేపూ నిలవడం లేదంది. శివలీల అప్పటికే చిరాకుమీద ఉంది. పండగ తర్వాత పెద్ద అధికారులు వస్తారని కబురు. వాళ్ల ముందు ఈ పిల్ల కుడిచేత్తో బొరుగులు ఏరాలని ఆమె పట్టుదల. అప్పుడు ముందుగా ఎవరి గదిలోకి వస్తారో చూడాలి.

“మగ్గాల మీద బతికే ఇల్లు మీది. ఒక ముడి వేయడం చేతకాదా మీకు?” అంది.

అక్కడితో ఆగలేదు. రెండు గంటలు ఏ మూలకూ చాలదు, పొద్దున కట్టి పడుకునేదాకా ఉంచమంది. పుస్తకాల్లో ఆ మాట ఎక్కడా లేదని ఆమెకు తెలుసు. రాజేశ్వరి నవ్వేసి ఊరుకుంది. హనుమమ్మ నవ్వలేదు. యాభై ఏళ్లుగా పడుగులు అతికిన మనిషి. ఊళ్లో ఏ మగ్గం మీద పోగు తెగినా ఆమె ముడికి సాటి లేదని పేరు. ముడి చేతకాదా అన్న మాట ఆమెకు చెప్పుదెబ్బలా తగిలింది.

గోడ అవతల నుంచి అంతా విన్న దావీదురాజు, వాళ్లు బయటికి వెళ్తుండగా ఉండబట్టలేక గది గుమ్మంలోకి వచ్చాడు. కట్టే సమయం పెంచితే ఇంటికి వెళ్లి దగ్గరుండి చూడాలన్నది కేంద్రం నియమం.

“ఒగసారి వాళ్లింటికి పోయి రాండి మేడమ్. దేంతో కడతారో ఏమో, చూడాల్సిందే గదా.”

“మీరు మాటలు చూసుకోండి సార్. చేతుల సంగతి నాకు తెలుసు,” అంది శివలీల. నేతవాళ్ల వీధి అక్కడికి కూతవేటు దూరం. ఎండగా ఉందని వెళ్లలేదు.

మర్నాడు పొద్దున హనుమమ్మ నాడా పీకి అవతల పారేసింది. గంజి పట్టిన పడుగు పోగులు కొన్ని కలిపి పేని, సంచి మూతి మీద మణికట్టు చుట్టూ చుట్టి ముడి వేసింది. ఆమెకు తెలిసిన ముడి అదొక్కటే. లాగేకొద్దీ బిగుస్తుంది, వదలదు. అట్లా వదలకపోవడమే దాని గొప్ప. పైనుంచి సంచి అంచు మడిచి పోగు కనబడకుండా కప్పింది. పని నీటుగా ఉండాలి కదా, మేడమ్ మెచ్చుకోవాలి కదా.

పిల్ల పళ్లతో లాగింది. లాగినకొద్దీ బిగిసింది. మధ్యాహ్నానికి ఏడుపు తారస్థాయికి చేరింది. కండెలకు నూలు చుడుతున్న రాజేశ్వరి రెండుసార్లు లేచింది, అత్త కళ్లతోనే కూర్చోబెట్టింది. అప్పుడు వచ్చింది మాట.

“ఇప్పు.”

మగ్గం గుంతలో ఉన్న తండ్రి ఉమామహేశ్వర ఆడిస్తున్న మగ్గం ఆపేశాడు. పిల్ల మళ్లీ అంది. సంచి చేతిని తల్లి ముఖం ముందు పెట్టి, ఇప్పు ఇప్పు ఇప్పు అని ఆగకుండా అంది. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి నవ్వారు, ఏడ్చారు. హనుమమ్మ దిష్టి తీసింది. ఇంత జరుగుతుంటే పాపం ఎవరికీ విప్పాలని తోచలేదు. ఒక్క రాజేశ్వరికి తోచింది. దావీదురాజుకు ఫోను చేసింది, ఆయన ఎత్తలేదు. శివలీలకు చేసింది.

శివలీల ఆ రోజు కడపలో సమావేశంలో ఉంది. చేతిలో భోజనం పళ్లెం, చుట్టూ పెద్దలు.

“మేడమ్, పాప మాట్లాడ్తాంది. ఇప్పు అంటాంది. పొద్దుట్నుంచి ఒగటే ఏడుపు. రాజు సారేమో అడిగితే ఇయ్యల్లన్న్యాడు. మీరు ఏడ్చినా ఇప్పద్దంటిరి. ఎవురి మాట ఇనాల మేము?”

శివలీలకు మొదట సంతోషమే కలిగింది. మరుక్షణం ఆ మాట ఎవరి ఖాతాలో పడుతుందో తట్టింది. అధికారులు వస్తారు, పిల్ల ఇప్పు అంటుంది, చప్పట్లు గోడ అవతల మోగుతాయి. ముడుచుకున్న కుడిచేయి మళ్లీ ఎవరికీ కనబడదు.

“అక్కడే మీరు పొరపాటు పడతారు. ఇప్పుడు విప్పితే ఇన్నాళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరు. నోటితో గెలిస్తే ఇంక చేయి ఎందుకు కదిలిస్తుంది? విప్పొద్దు.”

చేయి చల్లగా ఉందా అని అడగలేదు. దేంతో కట్టారని అడగలేదు. చదువు మొదటి సంవత్సరంలోనే నేర్పే ప్రశ్నలు అవి. ఫోను పెట్టేసి పప్పన్నం కలుపుకుంది.

సాయంత్రానికి పిల్ల ఏడుపు ఆగింది. అలవాటు పడిందని ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మేడమ్ ఎంత కరెక్టుగా చెప్పిందని హనుమమ్మ ఇరుగుపొరుగుతో కూడా అంది. పిల్ల అన్నం తినకుండానే నిద్రపోయింది. పొద్దంతా ఏడ్చి అలసిన పిల్లను కదిలిస్తే మళ్లీ లేస్తుంది, తెల్లారి విప్పుదామన్నది హనుమమ్మే. ఆ ఒక్క జాలి ఆ రోజంతా ఎక్కడికి పోయిందో గానీ, సరిగ్గా రాకూడని వేళకే వచ్చింది.

తెల్లవారి చూస్తే పోగు కనబడలేదు. వాచిన కండలో దిగిపోయింది. ఉమామహేశ్వర మగ్గం దగ్గరి బ్లేడు తెచ్చి వెతికి వెతికి కోశాడు. సంచిలోంచి వచ్చిన చేయి నేరేడుపండు రంగులో ఉంది. గిల్లినా పిల్ల కదల్లేదు. ఊళ్లో డాక్టరు చూసి, ముట్టుకోకుండానే కర్నూలుకు పొమ్మన్నాడు. కర్నూల్లో ఆ చేతిని మణికట్టు పైదాకా తీసేశారు.

విచారణకు ఒక అధికారి వచ్చాడు. శివలీల గుడ్డసంచీ నాడా బల్ల మీద పెట్టి, తాను ఇచ్చింది ఇదీ, చెప్పింది రెండు గంటలే అంది. అబద్ధం తడబడలేదు. అధికారి ఇంటివాళ్లను అడిగాడు. హనుమమ్మ చేతులు జోడించి లేచి నిలబడింది.

“మేడమ్ సరిగానే చెప్న్యాది సార్. కట్టింది నేను. ఈ పాడుచేతులే కట్టినాయి.”

తర్వాత రాజేశ్వరి వంతు. ఆమె తలెత్తి శివలీల వైపు చూసింది. ఆ చూపులో మధ్యాహ్నం చేసిన ఫోను ఉంది, ముడి చేతకాదా అన్న మాట ఉంది. ఆ క్షణంలో శివలీలకు పిల్ల మీద కాదు, తన మీదే జాలి కలిగింది. రాజేశ్వరి తల దించుకుంది. చెప్పేదేమీ లేదంది. ఎందుకంటే పిల్లకు ఇంక ఉన్నది ఆ ముడుచుకున్న కుడిచేయి ఒక్కటే. దాన్ని తెరిపించగల మనిషి ఈ చుట్టుపక్కల ఈమె ఒక్కతే. ఈమెను తరిమేసుకుంటే పిల్ల గతి ఏమిటి? దావీదురాజు నోరు తెరిచాడు, ఆ తల్లిని చూశాడు, మూసుకున్నాడు. మాటలు నేర్పేవాడికి ఆ రోజు మాట రాలేదు. ఇంటివాళ్ల అజాగ్రత్త అని తేల్చి అధికారి వెళ్లిపోయాడు.

గాయం మానాక పిల్లను మళ్లీ తెచ్చారు. శివలీల సెలవు పెట్టి పారిపోదామనుకుంది, ధైర్యం చాలలేదు. పారిపోవడానికి కూడా కొంచెం సిగ్గు కావాలి.

పిల్ల కుడి పిడికిలి సగం తెరుచుకుని ఉంది. గతిలేక తెరుచుకుంది. హనుమమ్మ ముఖంలో చెప్పుకోదగ్గ సంగతి ఏదో తెచ్చిన వెలుగు.

“మీరు చెప్పినట్లే అయినాది మేడమ్. కుడిచేత్తోనే తింటాంది. మొన్న గుడిలో తీర్థం గూడా దాంతోనే పట్నాది, పూజారి పోసినాడు. ఇంగ కట్టే పని లేదు.”

అందులో ఎత్తిపొడుపు లేదు. ఆ ముసలామెకు అంత విద్య రాదు. తిట్టి ఉంటే బాగుండునని, చీర కొంగు పట్టి వీధిలోకి ఈడ్చి ఉంటే ఇంకా బాగుండునని శివలీలకు అనిపించింది. కృతజ్ఞతకు జవాబు ఆమె దగ్గర సిద్ధంగా లేదు. మొదటిసారి ఎదుటివాళ్లు చెప్పేది చివరిదాకా వింది.

చాప మీద కూర్చుని, చేయి ఇవ్వమని పిల్లను అడిగింది. పిల్ల ఉన్న ఒక్క చేతినీ వీపు వెనక్కి దాచుకుంది.

“ఇయ్యి తల్లీ, మేడమ్ ఏం జేయదు,” అంటూ హనుమమ్మ ఆ చేతిని వెనకనుంచి లాగి, తెచ్చి శివలీల చేతిలో పెట్టింది.

శివలీల బొటనవేలు పట్టి మెల్లగా చాపింది. ఏళ్లుగా బిగుసుకున్న నరాలు. ఎంత మెల్లగా చేసినా ప్రాణం పోయేంత నొప్పి, ఏ పిల్లయినా అక్కడ కెవ్వుమంటుంది. చౌడి ఏడవలేదు. కళ్లలో నీళ్లు నిండాయి గానీ నోరు కదల్లేదు. నొప్పి పుడితే చెప్పు, వదిలేస్తానంది శివలీల. పిల్ల ఆమె ముఖంలోకి చూస్తూ కూర్చుంది. ఏడ్చి చూసింది, అడిగి చూసింది, ఇంక దేనికి? ఈ పాఠం ఏ గదిలోదని ఏ అధికారీ అడగడు. శివలీల రెండో వేలు పట్టుకుంది.