అంజమ్మ మార్చుకున్న కార్డు

తెల్లారకముందే అంజమ్మ రెండు జొన్నరొట్టెలు కాల్చేది. ఒకటి మొగుడి మంచం పక్కన మూతపెట్టి, రెండోది కొంగులో మూటగట్టుకుని హఫీజ్‌పేట్ రైల్వే గేటు దగ్గరికి పరుగెత్తేది. కూలీలను ఎక్కించుకునే మేస్త్రీ లారీ ఎవరికోసమూ ఆగదు. మాదాపూర్‌లో గుట్టలు పగలగొట్టి కంప్యూటర్ల మేడలు లేపుతున్న రోజులవి. అలాంటి మేడ మీంచే పోయినేడు ఆమె మొగుడు ఈశ్వరయ్య జారిపడ్డాడు. కాలి ఎముక అతుక్కుంది, ఇక నడవొచ్చని దవాఖానలో చెప్పారు. ఆయన మాత్రం కాలు కింద పెట్టనన్నాడు. భయానికి కట్టు కట్టే డాక్టరు లేడు కదా. మొగుడు మంచంలోనే పోతాడేమోనని అంజమ్మ దిగులు.

కొత్త సంవత్సరం పొద్దున చర్చిలో అందరూ పళ్ళెంలోంచి వాగ్దానం కార్డు తీశారు. ఆ ఏడాదికి దేవుడు ఆ మనిషికిచ్చే మాట అందులో ఉంటుంది. చదువు రాని అంజమ్మ కళ్ళు మూసుకుని ఒకటి తీసి పాస్టరుగారికిచ్చింది.

"నీకు తోడుంటానని వచ్చిందమ్మా. ఎంత మంచి మాటో చూడు!"

"తోడు నాకెందుకయ్యగారూ? మా ఆయన లేసి నడిస్తే సాలు. ఇంకోటి తీస్కుంట."

"వాగ్దానం ఏరుకునేది కాదమ్మా, అందుకునేది."

అంజమ్మ ఊరుకునే రకమా? మెట్లు దిగీ దిగకముందే, బాగుచేస్తానన్న మాట వచ్చిన కమలమ్మను బతిమాలి కార్డు మార్చుకుంది. దాన్ని మొగుడి తలగడ కింద పెట్టింది. ఆయన కాలు కదిపితే ఒట్టు. మర్నాటి నుంచి అంజమ్మకు మాత్రం రెండు నీడలు పడసాగాయి. కార్డు మారినా మాట మారలేదు.

పనిలో ఎవరూ వింతపడలేదు. "జర సిమెంటు బస్తాల కాడ నిలబడు, వాటికి ఎండ తగుల్తున్నది," అన్నాడు మేస్త్రీ. వేసవి మొదలయ్యాక ఆడకూలీలంతా చెట్టంత వెడల్పున్న ఆ రెండో నీడలోనే సద్ది తినేవాళ్ళు.

అంజమ్మకే ఒళ్ళు మండేది. "నీడ ఇస్తివి గని నడక ఇయ్యకపోతివి ప్రభువా," అని గంప ఎత్తినప్పుడల్లా దెప్పేది.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం సద్ది విప్పగానే అందరి నెత్తి మీదా ఎండ కొట్టింది. అంజమ్మకు ఒకటే నీడ. ఇన్నాళ్ళూ దెప్పిన నీడ కోసం ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తన నోటి దురుసుకు అలిగిపోయిందా? దేవుడే విడిచాక మొగుడికి దిక్కెవరు? గంప అక్కడే పడేసి, కొండాపూర్ మీదుగా ఇంటిదాకా పరుగెత్తింది.

వాకిట్లో ఈశ్వరయ్య నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో చెంబు. రెండో చెయ్యి ఎవరి భుజం మీదో వేసినట్టు గాలిలో ఆని ఉంది. ఆయన పాదాల దగ్గర రెండు నీడలు.

"దూపైంది, కుండల నీళ్ళు అయిపోయినయి," అన్నాడు సిగ్గుపడుతూ. "పక్కన ఎవరో నిలబడ్డట్టయింది. ఇగ భయమేందని లేసిన."

అంజమ్మ గడప మీద కూలబడి, సంతోషం పట్టలేక ఏడ్చింది. "తోడు నాకెందుకంటి. అది నీ కాలి కోసమని సమజ్ గాలే," అంది.

ఆదివారం ఇద్దరూ చర్చికి నడిచే వెళ్ళారు. మట్టిరోడ్డు మీద మూడు నీడలు పడ్డాయి. మెట్ల దగ్గర అంజమ్మ కమలమ్మ చేతిలో కార్డు పెట్టింది.

"నీది నువ్వు తీస్కో అక్కా. నాది నాకు సరిపోయింది."