కారు డిక్కీలో పట్టే టగ్గు

వెల్డా కుచెరా అంటే ఆ చిన్న విమానాల మైదానంలో అందరికీ గౌరవమే. నెబ్రాస్కాలో ఆ చుట్టుపక్కల మొక్కజొన్న చేల మీద మందు చల్లే విమానాలన్నీ మగవాళ్ళే నడిపే రోజుల్లో ఆవిడ ఎగరడం నేర్చుకుంది. ఇప్పుడు డెబ్బై దాటినా గాల్లో ఉండగా చెయ్యి వణకదు. డెల్మర్ స్టాక్ అనే ఆయనా ఆవిడా కలిసి నాలుగు సీట్ల చిన్న విమానం ఒకటి ఉంచుకున్నారు, చెరి సగం.

ఆవిడ ఇబ్బందంతా నేల మీదే. దిగి వచ్చాక విమానాన్ని తోక ముందుగా వెనక్కి తోసి షెడ్డులో పెట్టాలి. ఆ షెడ్డు గుమ్మం దగ్గర నేల ఎక్కుడు, ఏటవాలుగా పైకి లేస్తుంది. ఒకప్పుడు ముందు చక్రానికి కడ్డీ తగిలించి ఒక్కతే తోసేసేది. ఇప్పుడు మోకాళ్ళు వద్దంటున్నాయి, భుజం అసలే రానంటోంది.

ఎవరినైనా పిలవచ్చు కదా అంటారేమో. అక్కడ అలా పిలవరు మరి. విమానం తోస్తూ కనబడితే చూసినవాళ్ళు చేతిలో కాఫీ పక్కన పెట్టి వాళ్ళంతట వాళ్ళే వచ్చి చెయ్యి వేస్తారు. వచ్చినందుకు వీళ్ళు థాంక్సు చెప్పరు, వాళ్ళు ఆగరు. నోరు తెరిచి అడిగారంటే మాత్రం ఇక నా వల్ల కాదని చాటుకున్నట్టే. పాపం ఓరెన్ అనే పెద్దాయన ఒకసారి అడిగాడు. అడిగిన దగ్గర్నుంచీ ఈయనకు ఇంకా ఎగరడం ఎందుకని గుసగుసలు మొదలయ్యాయి. ఆ మాట కొడుకుల చెవిన పడింది, వాళ్ళు ఆయన విమానం అమ్మించేశారు. ఇప్పుడాయన శనివారాలు వచ్చి కంచె పక్కన కూర్చుని అందరి విమానాలూ చూసి వెళ్తుంటాడు.

అందుకని వెల్డా ఏం చేసేదంటే, దిగాక విమానాన్ని షెడ్డు ముందు ఆపి గుడ్డ తీసుకుని అద్దం తుడిచేది. తుడిచిందే తుడిచేది. ఎవరైనా అటు వచ్చేసరికి, అప్పుడే తోయబోతున్నట్టు కడ్డీ అందుకునేది. ఆ నటన ఆవిడకే రోతగా ఉండేది.

ఆఖరికి టగ్గు కొనాలనుకుంది. టగ్గంటే ముందు చక్రాన్ని పట్టుకుని విమానాన్ని తోసే మోటారు బండి. అందులో రకాలున్నాయి. నేలను కరిచిపట్టే పళ్ళ టైర్లున్న పెద్దది చక్రాన్ని ఎత్తి ఒళ్ళో పెట్టుకుంటుంది. బ్యాటరీతో నడిచే చిన్నది చక్రం ఇరుసును రెండు పక్కలా పట్టుకుంటుంది. పెద్దది తెస్తే షెడ్డులో నిలబడి వచ్చేపోయేవాళ్ళందరికీ కనబడుతుంది. చిన్నది మడిస్తే కారు డిక్కీలో పడుతుంది. ఆవిడ చూసుకున్నది ఆ ఒక్క సంగతే.

అమ్మేవాడు ఫోనులో నేల ఎలా ఉంటుంది, మంచు పడుతుందా అని వివరంగా అడిగాడు. బల్లపరుపు నేల అని చెప్పింది వెల్డా. పైగా నాకు కాదు, మా స్నేహితురాలికి అని కూడా అంది. అలాగైతే చిన్నది చాలన్నాడు వాడు.

పొడి రోజుల్లో అది బాగానే తోసింది. ఎవరూ లేని వేళ చూసి తగిలించేది, పని కాగానే మడిచి డిక్కీలో పెట్టేసేది.

నవంబరులో ఒక శుక్రవారం మధ్యాహ్నం దిగేసరికి సన్నగా మంచుజల్లు పడి నేల గాజులా అయింది. టగ్గు సగం దాకా తోసింది, అక్కడ దాని చక్రాలు జారి ఊరికే తిరగడం మొదలుపెట్టాయి. విమానం బరువంతా ఆవిడ మీదికి దిగి వస్తోంది. రెక్క గుమ్మం స్తంభానికి తగులుతుందని భయపడి పిడిని గట్టిగా పక్కకు తిప్పేసింది. టక్కుమని చప్పుడైంది. విమానం అడ్డం తిరిగి ఆగింది.

ముందు చక్రం కాలి మీద అటూ ఇటూ ఎర్ర గీతలుంటాయి. చక్రాన్ని ఆ గీత దాటి తిప్పకూడదు, తిప్పితే లోపల ఏదో ఒకటి విరుగుతుంది. చేత్తో తోసేటప్పుడు బిగిసిందంటే చేతికే తెలుస్తుంది. మోటారుకు తెలియదు. గీత దాటిందని వెల్డా కళ్ళారా చూసింది. చూసి కూడా ముందు చేసిన పని, టగ్గు విప్పి డిక్కీలో దాచడం.

డిక్కీ మూత వేసిందో లేదో డెల్మర్ పికప్ బండి వచ్చి ఆగింది. ఆయన దిగి రెక్క కింద చెయ్యి వేశాడు. ఇద్దరూ కలిసి విమానాన్ని లోపలికి తోశారు. తోస్తూ ఆయన, రేపు చెల్లెలు ఆర్లిస్ వస్తోందనీ, దాన్ని మొదటిసారి పైకి తీసుకెళ్తున్నాననీ, అది రాత్రంతా కూర్చుని కొలాచీలని పండ్ల గుజ్జు పెట్టిన తీపి రొట్టెలు చేస్తుందనీ చెప్పుకొచ్చాడు. వెల్డా ఊఁ కొట్టింది. అంతే. కారెక్కి గేటు దాకా వెళ్ళింది కూడా.

గేటు దగ్గర ఆవిడ కాలు బ్రేకు మీదికి వెళ్ళింది. దిగేటప్పుడు ఆ చక్రం అడ్డం తిరిగిందంటే ఏమవుతుందో ఆవిడకు ఒకరు చెప్పక్కర్లేదు. కారు వెనక్కి తిప్పింది.

"డెల్, రేపు ఎగరొద్దు."

"మబ్బు విడిపోతుందన్నారే."

"మబ్బు కాదు. ముందు చక్రం గీత దాటించాను."

"చేత్తో తోస్తే గీతెలా దాటుతుంది? నువ్వేమన్నా ఎద్దువా?" అని నవ్వాడు ఆయన.

ఆవిడ డిక్కీ మూత ఎత్తింది. డెల్మర్ నవ్వు అక్కడితో సరి. టార్చి తీసుకుని ముందు చక్రం కింద పడుకుని చూశాడు. చక్రం గీత దాటకుండా ఆపే దిమ్మ చీలి ఉంది. లేచి ప్యాంటు దులుపుకున్నాడు.

"ఇందాక నా పక్కనే ఉన్నావు కదా. చెల్లెలి సంగతి చెప్తుంటే విన్నావు కదా."

"విన్నాను."

"అప్పుడెందుకు చెప్పలేదు?"

వెల్డా తల ఎత్తలేకపోయింది. ఓరెన్‌కు పట్టిన గతే తనకూ పడుతుందని భయం వేసిందని నేలకేసి చూస్తూ చెప్పింది.

"అద్దం తుడుస్తుంటే ఎప్పుడన్నా రాకుండా ఉన్నామా వెల్డా?" అన్నాడు డెల్మర్. "బుధవారాలు నావి. శుక్రవారాలు మన మెకానిక్ జోడీవి. అది ఊళ్ళో లేకపోతే నేనొస్తాను. ఈ మధ్య నువ్వు తుడవడం మానేశావు. ఏమైందో అని మాలో మేం అనుకుంటున్నాం."

దేనికి ఎంత సిగ్గు పడాలో ఆవిడకు తెలియలేదు. విమానం పాడు చేసినందుకు పడ్డది ఒకటి, నోరు మూసుకుని ఊఁ కొట్టినందుకు పడ్డది ఇంకొకటి. ఇన్నాళ్ళూ తను నటిస్తుంటే వాళ్ళు వంతులేసుకుని నమ్మినట్టు నటించారని తెలిసేసరికి మాత్రం ఒంటిని వేడి నీళ్ళలో ముంచినట్టయింది.

మర్నాడు పొద్దున విమానాన్ని మెకానిక్ జోడీ షెడ్డుకు చేర్చడానికి అందరూ వచ్చారు. కొలాచీల పళ్ళెంతో ఆర్లిస్ కూడా వచ్చింది. వెల్డా ఎదురెళ్ళి, నిన్న నోరు విప్పలేదు, తప్పు నాదే అని చెప్పింది. ఆర్లిస్ పళ్ళెం ఆవిడ ముందుకు చాపింది. వెల్డా ఒకటి తీసుకుంది కానీ తినలేకపోయింది.

ఇక టగ్గు ఏది కొనాలన్న దాని మీద పెద్ద వాదన. తలా ఒక రకం చెప్పారు. జోడీ అందరినీ ఆపి, "వాడేది ఆవిడ. ఆవిణ్ణి చెప్పనివ్వండి. ఏం కావాలి వెల్డా?" అంది.

వెల్డా ఈసారి అందరి ముందూ చెప్పేసింది. "ఎక్కుడు మీద జారకూడదు. చెయ్యి వదిలితే దానంతట అదే ఆగాలి. నాకు పట్టి ఆపే బలం లేదు."

"అయితే పళ్ళ టైర్ల పెద్దదే," అంది జోడీ. "షెడ్డులో సగం చోటు తింటుంది. అందరికీ కనబడుతుంది."

"కనబడనీ," అంది వెల్డా.

జోడీ షెడ్డులో విమానం నిలిపాక డెల్మర్ ఆవిడ పక్కకు వచ్చాడు.

"బాగయ్యాక మొదట నువ్వే నడుపు. నేను పక్కన కూర్చుంటా."

"నా చేతులు చూడ్డానికా?"

"చేతుల మీద నాకు అనుమానం లేదు. ఏదన్నా తేడా వస్తే చెప్తావో లేదో అదే చూడాలి."

న్యాయమే అంది వెల్డా. చక్రం కింద దూరిన జోడీ వెలుతురు చాలడం లేదంటే, ఆవిడ టార్చి అందుకుని, మోకాళ్ళ నొప్పి కదా, ఓ కుర్చీ ఇమ్మని అడిగి, కూర్చుని, తను విరగ్గొట్టిన చోట వెలుతురు పట్టింది.