ఫొటో అంచున నిలబడ్డ పిల్ల

మాస్టారి బల్ల కింద ఊడుస్తుంటే చీపురుకు ఒక చెయ్యి తగులుకుని వచ్చింది. కాగితపు చెయ్యి. బకెట్ పట్టుకున్న పిడికిలి, భుజం మీదికి జారిన జడ, ఎండకు చిట్లించిన ఒక కన్ను, సగం నవ్వు. ఆమె వంగినది వంగినట్టే ఉండిపోయింది. ఆ నవ్వు ఎవరిదో ఆమెకు తెలుసు.

మాస్టారంటే ఆమె భర్తే. పెళ్ళయిన కొత్తలో "ఏమండీ" అనేది. ఊరంతా మాస్టారంటుంటే తన నోటికీ అదే వచ్చేసింది. ఆయన బడి నుంచి రిటైరయ్యారు గానీ, పాఠం చెప్పడానికి ఇంట్లో ఒక పిల్ల మిగిలిపోయింది. కూర కోయడం దగ్గర్నుంచి కవరు అంటించడం దాకా ఆమె ఏది చేసినా దానికి ఇంకో మంచి పద్ధతి ఉండేది. అది ఆయనకు తెలిసి ఉండేది. చేయవలసింది మాత్రం ఆమే.

రిటైరయ్యాక ఆయనకు ఊరి పాత ఫొటోలు పోగేయాలనే కోరిక పుట్టింది. మొదట తనే వెళ్ళారు. గుమ్మంలో నిలబడి "చారిత్రక ప్రాధాన్యం" అని ఎత్తుకునేసరికి, పన్ను వసూలుకొచ్చిన మనిషనుకున్నారో ఏమో, "మా దగ్గరేం లేవండీ" అని తలుపు వేసేసేవారు. చిరాకుపడి, "నీకు కబుర్లు బాగా వచ్చుగా, ఆ నోటిని కాస్త పనికొచ్చేదానికి వాడు" అని ఆమెను పంపారు. అంతకుముందు ఆమె వీధిలోకి వెళ్ళడమంటే కూరలకే. "కూరలకు ఇంతసేపా?" అనేవారు అత్తగారు. అత్తగారు పోయాక ఆ మాట మాస్టారు అందుకున్నారు. ఫొటోల పేరు చెబితే మాత్రం ఎంతసేపు తిరిగినా అడిగేవారు లేరు. ఏ ఇంట్లోనో చాప మీద చతికిలబడి, వాళ్ళతో పాటు బట్టలు మడతపెడుతూ కూర్చునేది. కాసేపటికి ఆ ఇంటి ఆడవాళ్ళు పెట్టె అడుగున చెయ్యి పెట్టి తీసేవారు. కొత్త సినిమా హాలు ముందు తొక్కిసలాట. రాణి వేషంలో బీడీ కాలుస్తున్న కుర్రాడు. బడి పరుగుపందెంలో ఓడిపోయి ఏడుస్తున్న ఆడపిల్లలు. "వీడు మా ఆయనేనమ్మా, అప్పుడే ఇంత పొగరు!" అని ఒకావిడ ఆ బీడీ కుర్రాణ్ణి చూపిస్తే ఆమె కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. తనకు అంత గట్టిగా నవ్వడం వచ్చని ఆమెకే తెలియదు. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. చెబితే ఆ తిరుగుడు ఆగిపోతుందేమోనని భయం.

కుళాయి ఫొటో దర్జీ ఇచ్చింది. పక్క వీధిలో మిషను పెట్టుకుని బట్టలు కుట్టే మనిషి. వీధికి మొదటిసారి కుళాయి వచ్చిన రోజున తీసిన ఫొటో అది. నీళ్ళు ఎగజిమ్ముతుంటే ఆడవాళ్ళంతా ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు. అంచున బకెట్‌తో నిలబడింది దర్జీ వాళ్ళక్క. ఆ మరుసటేడే జ్వరంతో పోయింది. ఆ పిల్ల బొమ్మ లోకంలో ఇంకెక్కడా లేదు.

"నకలు తీయించి అసలుది నా చేత్తో తెచ్చిస్తాను," అని ఆమె మాటిచ్చింది.

"మీరడిగారు కాబట్టి ఇస్తున్నానక్కా," అంది దర్జీ.

ముక్కను చేతిలో పెట్టుకుని ఆమె ముందుగదిలోకి వెళ్ళింది. మాస్టారు ఫ్రేముల మధ్య నిలబడి, సాయంత్రం ఫొటోల ప్రదర్శన సభలో చదవాల్సిన ఉపన్యాసం వల్లె వేసుకుంటున్నారు.

"ఇది కోసేశారేమండీ?"

"ఫ్రేములో పట్టలేదు. ఎవరో పిల్ల, అదీ అంచున. తీసేస్తే బొమ్మ కుదురుగా వచ్చింది."

"దర్జీ వాళ్ళక్క ఈ అమ్మాయి. నకలు తీయించి ఇస్తామని చెప్పాను."

"నకలుకేం విలువ? రేపు మ్యూజియం వాళ్ళొచ్చి అన్నీ పట్టుకెళ్తున్నారు. నా పేరు మీద ఒక గదే ఇస్తున్నారు, తెలుసా?"

"అన్నీనా? అందరికీ తిరిగిస్తానని మాటిచ్చానండీ."

ఆయన కళ్ళజోడు తీసి, మొద్దు పిల్లను చూసినట్టు జాలిగా చూశారు. "మాటిచ్చింది నువ్వు. నేనిచ్చానా?"

 అంతలో దర్జీయే గుమ్మంలోకి వచ్చింది. మాస్టారు పక్కగదిలోకి తప్పుకుంటూ, "లేనని చెప్పు. ఫొటో భద్రంగా ఉందను," అని చేతితో సైగ చేశారు.

"ఫొటో బాగుందా అక్కా?" అని అడిగింది దర్జీ.

"భద్రంగా ఉంది," అంది ఆమె, ముక్క ఉన్న చేతిని వెనక్కి పెట్టుకుని.

"మీరు చెప్పారుగా, చాలు. సాయంత్రం ప్రదర్శనకు వచ్చి చూసుకుంటా." దర్జీ నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

మాస్టారు బయటికొచ్చి, "చూశావా, ఎంత తేలిగ్గా అయిపోయిందో," అన్నారు. కుర్చీలూ మైకూ చూసుకోవడానికి హాలుకు బయల్దేరుతూ పనులు అప్పజెప్పారు. "మధ్యాహ్నం బండి వస్తుంది. ఫ్రేములన్నీ పేపర్లు చుట్టి ఎక్కించు. మంచి బట్టలు కట్టుకుని రా. వేదిక మీద టీలు అందించాలి."

ఆయన వెళ్ళాక ఆమె వంట చేయలేదు. ఫ్రేముల మధ్య కూలబడింది. ఇన్నేళ్ళలో ఆయన తనను అనని మాట లేదు. ఏది అన్నా అది ఈ నాలుగు గోడల మధ్యే ఉండేది. తనూ దిగమింగుకునేది. ఇవాళ మాత్రం బయట తనకున్న కొద్దిపాటి ఇళ్ళను కూడా ఆయన మూసేస్తున్నారు. రేపటి నుంచి ఏ ముఖం పెట్టుకుని ఆ వీధుల్లో నడవాలి? ఇందాక తన నోటి నుంచి అబద్ధం ఎంత నున్నగా జారిందో తలుచుకుంటే ఒళ్ళు గగుర్పొడిచింది. నేర్పింది ఆయనే కావచ్చు, అన్నది తను. నమ్మింది దర్జీ. సాయంత్రం ఆ మనిషి ఫ్రేము ముందు నిలబడి అక్క కోసం వెతుక్కుంటుంది. తను వేదిక మీద టీలు పంచుతుంటుంది.

లేచి వంటింట్లోంచి కత్తి తెచ్చింది. మొదటి ఫ్రేము తిరగేసి మేకులు ఒక్కొక్కటే పైకెత్తింది. మూడో నాలుగో ఫ్రేముకు చెయ్యి తిరిగింది. ఫొటోలన్నీ చేతిసంచిలో సర్దింది. ఖాళీ ఫ్రేములకు అట్టలు బిగించి, ఆయన నేర్పిన పద్ధతిలోనే, మూలలు నలగకుండా పేపర్లు చుట్టింది.

"మీరు ఎక్కరామ్మా?" అని బండివాడు అడిగితే, "నాకు కాస్త పనుంది, జాగ్రత్తగా తీసుకెళ్ళు. అద్దాలున్నాయి," అంది.

దర్జీ ఇంట్లోకి ఆమె ఎప్పుడూ పిలవకుండానే వెళ్ళేది. ఇవాళ గుమ్మం బయటే నిలబడి ఫొటోను, ముక్కను చాపింది.

"పొద్దున అబద్ధం చెప్పాను. అప్పటికే కోసేశారు."

దర్జీ మిషను ఆపింది. ముక్కను ఫొటో పక్కన ఆనించి చూసింది. అక్క భుజం దగ్గర సన్నగా తెల్లటి గీత మిగిలింది. ఆ గీతను వేలితో నిమిరింది. తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు.

"ఆ సంచిలో ఏంటి?" అని అడిగింది దర్జీ.

"అందరివీ. సాయంత్రంలోగా ఇచ్చేయాలి."

దర్జీ ఆమె ముఖంలోకి చూసింది. లేచి, చెప్పులేసుకుని, సంచికి రెండో వైపు పట్టుకుంది. రోడ్డు మీదికొచ్చేసరికి దూరంగా హాల్లో మైకు సరిచూస్తున్న మాస్టారి గొంతు వినబడింది.

"మాస్టారు అడిగితే ఏం చెప్తారక్కా?"

"ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారని చెప్తాను," అంది ఆమె.